"రా"కీ "రండి"కీ మధ్య: రెండు దేశాల నుంచి చూసిన ఒక అఫేజియా కేసు

ఈ కేసులో నా దగ్గరికి మనిషి కంటే ముందు రిపోర్టు వచ్చింది. నాలుగు పేజీలు. మూడో పేజీలో ఒక లైను దగ్గర ఆగిపోయాను. "కుటుంబ సభ్యులతో మర్యాద తప్పి మాట్లాడుతున్నారు. ప్రవర్తనలో మార్పు వచ్చి ఉండొచ్చు. సైకియాట్రీ అభిప్రాయం తీసుకోవాలి." రాసింది వేరే దేశంలోని ఒక ఆసుపత్రి స్ట్రోక్ టీమ్.

రోగికి 61 ఏళ్లు. అకౌంట్స్ ఉద్యోగంలో రిటైరయ్యారు. కూతురి దగ్గర కొన్నాళ్లు ఉందామని వెళ్ళిన రెండో నెలలో స్ట్రోక్ వచ్చింది. మెదడు ఎడమవైపు మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ అనే రక్తనాళంలో రక్తం గడ్డకట్టింది. కుడి చెయ్యి పడిపోయింది, కుడి కాలు బలహీనపడింది, మాట దాదాపు పోయింది. మెదడు దెబ్బతిని ఇలా భాష పోవడాన్నే అఫేజియా అంటారు. స్ట్రోక్ వచ్చిన మూడో వారంలో కూతురు నన్ను వెతికి పట్టుకుంది. "ఇక్కడ తెలుగు వచ్చిన స్పీచ్ థెరపిస్ట్ దొరకడం లేదు మేడమ్" అంది. ఎవరో గుర్తుపట్టే వివరాలన్నీ మార్చి, కుటుంబం ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను.

ఆయన మాతృభాష తెలుగు. రిపోర్టులో మాత్రం "ఇంగ్లీష్ బాగా వచ్చు" అని ఉంది. నిజమే, ముప్పై ఏళ్లు ఆఫీసులో ఇంగ్లీష్ ఉత్తరాలు రాశారు. కానీ ఆడిట్ రిపోర్టు రాసే ఇంగ్లీష్ వేరు, రాత్రి చెయ్యి లాగేస్తోందని నర్సుకు చెప్పుకునే ఇంగ్లీష్ వేరు. స్ట్రోక్‌కు ముందు ఏ భాష ఏ పనికి వాడేవారో అడిగి రాసుకోకపోతే, ఏది పోయిందో ఏది అసలు ఎప్పుడూ లేదో తేల్చడం కష్టం.

మొదటి వీడియో

కూతురు పంపిన వీడియో 11 నిమిషాలది. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు. అల్లుడు లోపలికి వచ్చాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. ఎడమ చెయ్యి ఎత్తి కుర్చీ చూపిస్తూ "రా... రా... కూర్చో" అన్నారు. అల్లుడు నవ్వబోయి ఆగిపోయాడు. కూతురు తల తిప్పుకుంది. పెళ్ళయిన పన్నెండేళ్లలో ఆయన అల్లుణ్ణి "మీరు" అని తప్ప పిలవలేదట.

నాలుగుసార్లు చూశాను ఆ వీడియో. అదే మనిషి డాక్టరుగారిని కూడా "రా" అన్నారు, మూడేళ్ల మనవరాల్నీ "రా" అన్నారు. ఫోన్ కావాలంటే "తే", చెయ్యి చూపించి "చూడు". ఎవరితోనైనా అంతే. ఇందులో మర్యాదకు వచ్చిన లోటేమీ లేదు, లోటల్లా క్రియ చివర ఉంది. తెలుగు క్రియకు ప్రత్యయం తగిలించకుండా వాడగలిగే చోటు దాదాపు ఒక్కటే, దగ్గరివాళ్లకు ఏదైనా చెయ్యమని చెప్పేటప్పుడు: రా, పో, తే, చూడు. "అండి" తగిలించాలంటే ఇంకో మెట్టు ఎక్కాలి. ఆ మెట్టు ఆయనకు అందడం లేదు.

జరిగింది చెప్పమంటే ఇలా చెప్పారు: "నేను... నిన్న... లేచి... డాక్టరు... వచ్చి... చెయ్యి... పట్టుకుని..." అక్కడితో అయిపోయింది. మనం స్కూల్లో క్త్వార్థకం అని బట్టీ పట్టిన రూపాల దగ్గరే ప్రతి వాక్యం ఆగిపోతోంది. వాక్యాన్ని ముగించే సమాపక క్రియ దాకా వెళ్ళడం లేదు. ఎప్పుడైనా వెళ్ళినా ఎవరు వచ్చినా "వచ్చింది" అనే. అల్లుడు వచ్చింది, నేను వచ్చింది.

వ్యాకరణం దెబ్బతిన్న అఫేజియా భాషను బట్టి వేర్వేరుగా కనిపిస్తుంది. పరిశోధకులు లీజ్ మెన్, లొరెయిన్ ఓబ్లర్ 1990లోనే 14 భాషల రోగుల మాటలు సేకరించి పక్కపక్కన పెట్టి ఈ సంగతి చూపించారు. ఇంగ్లీషులో "వాక్డ్" చివర రాలిపోతే "వాక్" మిగులుతుంది, అదీ ఒక మాటే. తెలుగులో "వచ్చాడు" చివర తీసేస్తే మిగిలేది పలకడానికే రాదు. అందుకని మన దగ్గర ప్రత్యయం రాలిపోవడం తక్కువ, ఒకదాని చోట్లో ఇంకొకటి వచ్చి కూర్చోవడం ఎక్కువ. తెలుగు రానివాళ్ల చెవికి అది పొడుగాటి పూర్తి మాటలాగే వినిపిస్తుంది.

ఆ సాయంత్రమే అక్కడి థెరపిస్ట్‌కి రాశాను. సైకియాట్రీ వాళ్లకు చూపించొద్దని అనలేదు. స్ట్రోక్ వచ్చిన ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది కాబట్టి అది ఎలాగూ చూడాల్సిందే. "మర్యాద తప్పి" అన్న లైను మాత్రం ఫైల్లోంచి తీసి, దాని బదులు భాషలో కనిపించిన లోపం రాయమన్నాను. ఆమె మర్నాడే జవాబిచ్చింది: "ఆ ప్రత్యయాలన్నీ ఒక కాగితం మీద రాసి పంపగలరా?" ఈ కేసు నిలబడడానికి సగం కారణం ఆ ప్రశ్నే.

దుబాసీ సరిదిద్దేసిన వాక్యాలు

మరి మొదటి రిపోర్టులో "పూర్తి వాక్యాలు మాట్లాడగలరు" అని ఎలా వచ్చింది? రికార్డింగ్ తెప్పించి విన్నాను. పరీక్ష జరిగింది ఫోన్‌లో దుబాసీ సాయంతో. నొప్పి ఎక్కడుందని అడిగితే ఆయన అన్నది: "చెయ్యి... రాత్రి... పట్టి... మందు... తే." దుబాసీ ఇంగ్లీషులో చెప్పింది: "రాత్రి చెయ్యి పట్టేసింది, దయచేసి మందు ఇవ్వండి."

దుబాసీని తప్పు పట్టలేం. అర్థం చేరవేయాలనే ఆమెకు నేర్పారు, చక్కగా చేరవేసింది. కానీ మాకు కావాల్సింది మాట ఎక్కడ విరిగిందో. ఆ తర్వాత నేనూ అక్కడి థెరపిస్టూ కలిసి ఒక పేజీ తయారుచేసి ప్రతి సెషన్‌కు ముందు దుబాసీకి ఇచ్చేవాళ్లం. ఆయన ఆగిన చోట మీరూ ఆగండి. తప్పు మాట వస్తే ఆ తప్పు మాటనే ఉన్నదున్నట్టు పలకండి. అర్థం కాకపోతే "అర్థం కాలేదు" అనండి, ఊహించి చెప్పకండి. రెండో దుబాసీ ఇది చదివి "అంటే నా పని సరిగ్గా చెయ్యొద్దంటారా?" అని నవ్వింది.

పందొమ్మిది రోజులు

వీడియో కాల్ పెట్టుకుంటే అయిపోతుందనుకుంది కుటుంబం. అంత తేలిక కాదు. చాలా దేశాల్లో థెరపిస్ట్ లైసెన్సుకు లెక్క రోగి కూర్చున్న చోటు, నేను కూర్చున్న చోటు కాదు. నేను నేరుగా వైద్యం చేస్తే అది అక్కడ లైసెన్సు లేని వైద్యం కింద లెక్క. కాబట్టి కాగితం మీద బాధ్యత అంతా అక్కడి థెరపిస్ట్‌ది, నేను సలహాదారుని. రికార్డింగులు వాళ్ల సర్వర్ మీదే ఉంటాయి, నేను చూడొచ్చు గాని దించుకోకూడదు. ఈ మాత్రం రాతకోతలకు 19 రోజులు పట్టింది.

కూతురికి ఒకటే టెన్షన్, విలువైన రోజులు పోతున్నాయని. నాకూ లోపల లేకపోలేదు. కొంచెం ధైర్యం ఇచ్చింది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలోని 17 ఆసుపత్రుల్లో 246 మందితో చేసిన వెర్స్ అధ్యయనం. స్ట్రోక్ వచ్చిన తొలి రోజుల్లోనే స్పీచ్ థెరపీ బాగా పెంచి చూశారు. మామూలు థెరపీ కంటే అదనంగా ఒరిగిందేమీ లేదు. నడక విషయంలో అవర్ట్ అనే అధ్యయనం ఇంకా కటువైన పాఠం చెప్పింది. ఐదు దేశాలు, 56 ఆసుపత్రులు, 2104 మంది. స్ట్రోక్ వచ్చిన 24 గంటల్లోపే మంచం దింపి, పదే పదే నడిపించిన వాళ్ల ఫలితాలు మామూలుగా చూసిన వాళ్లకంటే కాస్త తగ్గాయి. అల్లుడు ఫిజియో మీద "ఇంకా ఎక్కువసేపు నడిపించొచ్చు కదా" అని ఒత్తిడి పెడుతున్నప్పుడు అతనికి నేను చెప్పింది ఇదే. తొలి రోజుల్లో ఎక్కువ చేస్తే ఎక్కువ వస్తుందన్న నమ్మకం ఇళ్లల్లోనే కాదు, మాలోనూ ఉండేది.

ఆ 19 రోజుల్లో ఇంకో చిక్కు వచ్చింది. ఎవరో పెద్దమనిషి "రెండు భాషలతో మెదడు గందరగోళపడుతుంది, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి" అని సలహా ఇచ్చారట. వారం రోజులు ఇంట్లో తెలుగు బంద్. ఆయన మాట్లాడే ప్రయత్నమే మానేశారు. అది వెంటనే ఆపించాను. హైదరాబాద్‌లో 608 మంది స్ట్రోక్ రోగుల మీద సువర్ణ అల్లాడి బృందం, ఎడిన్‌బరా నుంచి థామస్ బాక్ కలిసి చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. స్ట్రోక్ తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవాళ్లు రెండు భాషలు వచ్చినవాళ్లలో 40.5 శాతం, ఒకే భాష వచ్చినవాళ్లలో 19.6 శాతం. అఫేజియా వచ్చే అవకాశంలో మాత్రం తేడా లేదు. రెండో భాష వల్ల చెడిందేమీ కనిపించలేదు. పైగా ఈయనకు ఏడుపు వచ్చినా కోపం వచ్చినా వచ్చేది తెలుగులోనే.

కుర్చీయా, చెయిరా

తెలుగులో పరీక్ష మొదలుపెట్టాం. వెస్ట్రన్ అఫేజియా బ్యాటరీ అనే పరీక్షను కెనడాలో ఆండ్రూ కెర్టెస్ తయారుచేశారు. దానికి తెలుగు రూపం ఉంది. నేను తెర మీద, అక్కడి థెరపిస్ట్ మంచం పక్కన. వస్తువులు ఆమె చేతిలో, మాటలు నా నోట్లో. వందకు 44.2 వచ్చింది. 93.8 కంటే తక్కువైతే అఫేజియా ఉన్నట్టు లెక్క. మాట తడబాటు ఎక్కువ, విన్నది తిరిగి అనడం కష్టం, అర్థం చేసుకోవడం కొంత నయం. ఇలాంటి అఫేజియాను బ్రోకా రకం అంటారు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. దీనితోపాటు నేను సొంతంగా 20 బొమ్మల పేర్ల పరీక్ష పెట్టాను. కుర్చీ బొమ్మకు ఆయన "చెయిర్" అన్నారు. తప్పు భాష అని కొట్టేశాను. గొడుగుకు "అంబ్రెల్లా", అదీ కొట్టేశాను. 20కి 7 వేశాను. కూతురు మెల్లగా అంది, "మేమంతా చెయిర్ అనే అంటాం కదా మేడమ్. కుర్చీ అని ఎవరంటారు?" నాకు సిగ్గేసింది. అప్పటికప్పుడు రూలు మార్చాం: ఇంట్లో ఏ మాట నడుస్తుందో అదే రైటు. ఒక్క నిమిషం థెరపీ చెయ్యకుండానే 7 కాస్తా 11 అయింది.

అక్కడి టీమ్ ఇంగ్లీష్ పరీక్షతో ఆయన్ను తప్పు చదివిందని నేను వేలు చూపిస్తున్న రోజులవి. నేను చేసిందీ అదే కదా, కాకపోతే పుస్తకాల తెలుగుతో.

అర్థం చేసుకోవడం గురించి ఇంకో సంగతి అప్పుడే బయటపడింది. ఇంగ్లీష్ రిపోర్టులో "వాక్యాలు అర్థమవుతున్నాయి" అని ఉంది. ఆ వాక్యాలన్నిటిలో పని చేసేవాడు ముందే వస్తాడు. నేను రెండు బొమ్మలు పెట్టి "కొడుకుని తండ్రి పిలిచాడు" అన్నాను. ఆయన కొడుకు పిలుస్తున్న బొమ్మ చూపించారు. పదింటిలో ఐదు కరెక్టు, అంటే కళ్లు మూసుకుని చూపించినా అన్నే వస్తాయి. తెలుగులో ఎవరు ఎవర్ని అనేది "ని" చెబుతుంది, వరస చెప్పదు. ఆ "ని" ఆయన చెవిన పడుతోంది గాని పని చెయ్యడం లేదు. ఇంట్లో వాళ్లు "చెప్పింది వినడం లేదు" అని విసుక్కున్న సందర్భాలు చాలావరకు ఇలాంటివే.

ఎన్ని గంటలు, ఎవరు

గంటల లెక్కకు మేం ఆధారపడింది రిలీజ్ అధ్యయనం మీద. గ్లాస్గో కాలిడోనియన్ యూనివర్సిటీ నుంచి మేరియన్ బ్రేడీ నడిపిన అంతర్జాతీయ బృందం 28 దేశాల నుంచి 5928 మంది వివరాలను ఒక్కచోటికి చేర్చింది. ఒక్కో అధ్యయనంలో పాతికమందో యాభైమందో ఉండే మా రంగంలో ఇది చిన్న విషయం కాదు. థెరపీ మోతాదు గురించి విడిగా 25 ట్రయల్స్‌లోని 959 మందిని చూస్తే, మొత్తం 20 నుంచి 50 గంటల మధ్య తీసుకున్నవాళ్లలో భాష ఎక్కువ మెరుగైంది. వారంలో ఎక్కువ రోజులు చేసినవాళ్లకు, రోజువారీ అవసరాలకు తగ్గట్టు మలిచినప్పుడు, ఇంట్లో సాధన కూడా ఇచ్చినప్పుడు లాభం ఎక్కువ. ఇవి సగటు లెక్కలు, ఈయన జాతకం కాదు. అయినా మొదలుపెట్టడానికి ఒక అంకె కావాలి కదా. వారానికి నాలుగు రోజులు, రోజుకు గంట అనుకున్నాం. రెండు గంటలు తెలుగులో నాతో, రెండు గంటలు అక్కడి థెరపిస్ట్‌తో.

కుటుంబం ఇంకోలా ఆలోచించింది. "మాకు నేర్పించేయండి, మేమే చేసుకుంటాం." అర్థం చేసుకోదగ్గ కోరికే. కానీ భారత్, ఆస్ట్రేలియా పరిశోధకులు కలిసి 14 ఆసుపత్రుల్లో 1250 మందితో చేసిన అటెండ్ ట్రయల్ సరిగ్గా ఈ ప్రశ్నే అడిగింది. కుటుంబానికి శిక్షణ ఇచ్చి ఇంట్లో పునరావాసం చేయిస్తే ఆరు నెలల తర్వాత మామూలు వైద్యం కంటే తేడా కనిపించలేదు. అందుకని ఇంట్లో సాధన ఉండాలి, దాన్నే థెరపీ అనుకోకూడదు అని చెప్పాను. యాప్ కొంటామన్నారు. బ్రిటన్‌లో 278 మందితో చేసిన బిగ్ కాక్టస్ ట్రయల్ ప్రకారం కంప్యూటర్ మీద సాధన చేసిన మాటలు బాగా వస్తాయి, సంభాషణ మాత్రం మారదు. కొనుక్కోండి, మాటల వరకు పనికొస్తుందన్నాను. తెలుగులో వాళ్లకు కావలసింది దొరకలేదు. చివరికి కూతురే ఫోన్లో ఇంటి వస్తువుల ఫోటోలు తీసి, తన గొంతుతో పేర్లు రికార్డు చేసి పెట్టింది.

నాలుగో డబ్బా

అక్కడి థెరపిస్ట్‌కు క్రియల మీద పనిచేసే వీనెస్ట్ పద్ధతి బాగా అలవాటు. లీసా ఎడ్మండ్స్ తయారుచేసిన పద్ధతి అది. ఒక క్రియ తీసుకుని, ఆ పని ఎవరెవరు చేస్తారు, దేన్ని లేక ఎవర్ని చేస్తారు అని రోగి చేతే జంటలు కట్టిస్తారు. ఆమె దగ్గర మూడు డబ్బాల కాగితం ఉంది, క్రియ మధ్యలో. ఆయన ఆ కాగితం ముందు బిగుసుకుపోయారు. తెలుగులో క్రియ మధ్యలో కూర్చుంటే వాక్యం అప్పుడే అయిపోయినట్టు ఉంటుంది. డబ్బాను కుడి చివరికి జరిపాం. దాని పక్కన ఇంకో చిన్న డబ్బా కలిపాం, క్రియ తోకకు. ఎవరు, ఎవర్ని, పిలవడం, తోక.

ఆమెకు తెలుగు లిపి రాదు. తోకలకు రంగులు పెట్టుకున్నాం. "ఆడు" నీలం, "ఇంది" ఆకుపచ్చ, "ఆరు" ఎరుపు, "ఆను" పసుపు. ఆయన "అల్లుడు... కూతురు... పిలిచి" అని ఆగితే ఆమె ఏమీ అనకుండా రంగు కార్డు జరిపేది. ఎందుకంటే నెట్‌లో నా గొంతు అర సెకను ఆలస్యంగా వెళ్లేది. ఆయన మాట అందుకునే క్షణంలోనే నా "పిలి..." వెళ్లి మీద పడేది. మూడు సెషన్లు పాడయ్యాక అర్థమైంది, అందింపు తెర మీద నుంచి రాకూడదు, గదిలోంచే రావాలి. ఆ తర్వాత నేను మైక్ ఆపేసి కూర్చునేదాన్ని. చేతులు కట్టుకుని చూస్తూ ఉండడం నాకు చాలా కష్టమైంది.

కార్డు సరిపోని చోట ఆమె మాట మొదటి అక్షరం పలికేది. తన లిపిలో రాసుకుని చదివేది. ఆమె నోట "ళ" వచ్చినప్పుడల్లా ఆయన నవ్వి, సరిచేసేవారు. మొదట్లో సమయం వృథా అనుకున్నాను. తర్వాత లెక్క పెడితే, సెషన్‌లో ఎవరూ అడగకుండా ఆయన అన్న మాటల్లో ఎక్కువ భాగం అవే.

"అండి" విడిగా చేశాం. ఇది పరీక్షలో మార్కులు తెచ్చే విషయం కాదు. ఇంట్లో వాళ్లను అన్నిటికంటే నొప్పించింది మాత్రం ఇదే. అల్లుడు తనే ముందుకొచ్చాడు. ప్రతి శనివారం సెషన్‌లో తలుపు కొట్టి లోపలికి రావడం, ఆయన పిలవడం, మళ్ళీ బయటికి వెళ్ళడం. పదిసార్లు. తర్వాత మనవరాలు వచ్చేది, ఆమెకు "రా". ఇద్దరినీ కలిపి వరస మార్చి పంపేవాళ్లం. అయిదో వారంలో ఆయన మనవరాల్ని "రండి" అన్నారు. ఆ పిల్ల నడుం మీద చెయ్యి పెట్టుకుని రాజులా నడిచొచ్చింది. తప్పే, కానీ "అండి" మొదటిసారి తనంతట తాను వచ్చింది.

ఆరో నెల

మొత్తం 38 గంటలు చేశాం. వెస్ట్రన్ బ్యాటరీలో 61.8. సాధన చేసిన 20 క్రియల్లో 16కి కాగితం మీద సరైన తోక వస్తోంది. పది నిమిషాల మామూలు మాటల్లో 23 సమాపక క్రియలు వచ్చాయి, అందులో సరైనవి 9. సాధన చెయ్యని క్రియల్లో మార్పు కొద్దిగానే. ఇంగ్లీషులో వస్తువుల పేర్లు మెరుగయ్యాయి, క్రియలు అక్కడే ఉన్నాయి. ఇందులో ఎంత థెరపీ వల్ల, ఎంత తొలి నెలల్లో మెదడు తనంతట తాను కోలుకోవడం వల్ల అంటే, ఒక్క కేసుతో విడదీయలేను. "ని" పరీక్షలో పదికి ఏడు. ఫోన్లో మాట్లాడడం ఇప్పటికీ రాదు. కుడి చేత్తో గ్లాసు పట్టుకోగలరు, రాయలేరు. ఎడమ చేత్తో సంతకం నేర్చుకున్నారు.

ఆరు నెలలతో ఆపేద్దామని ఒక ప్రతిపాదన వచ్చింది. జర్మనీలో స్ట్రోక్ వచ్చి ఆరు నెలలు దాటిన 158 మందికి వారానికి కనీసం పది గంటల చొప్పున మూడు వారాలు థెరపీ ఇచ్చి, మాట మెరుగైందని 2017లో చూపించారు. ఆ పేపరు జత చేసి అక్కడి థెరపిస్ట్ తన టీమ్‌కు రాసింది. ఇంకో మూడు వారాల విడత ఒప్పుకున్నారు. ఈసారి అంతా తెలుగులోనే.

ఆ విడత మొదటి రోజు ఆమె గది తలుపు తీసి, ఎన్నో రికార్డింగుల్లో విన్న మాట గుర్తుపెట్టుకుని, ఆయనతో తెలుగులో "రా" అంది. ఆయన గుమ్మంలోనే ఆగారు. చేతికర్ర సర్దుకున్నారు. "రా... కాదు" అన్నారు. ఏడు సెకన్లు. "రండి."

నేను దాన్ని ఎవరూ అందించకుండా వచ్చిన మాటగా రాశాను. ఆమె ఒప్పుకోలేదు. ముందు తను "రా" అంది కాబట్టి సగం అందించినట్టేనట, సగం మార్కే వెయ్యాలట. రెండు వారాలైంది, ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.